రెక్కలున్నా రోడ్డు దాటని పిట్టలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అడవి మధ్య నుంచి రోడ్డు వేస్తే పులికీ జింకకీ ఇబ్బందేనని అందరికీ తెలుసు. మరి పక్షుల సంగతేంటి? రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పక్షుల మధ్య జన్యువుల రాకపోకలు కూడా ఆగిపోతాయా? ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దీని గురించే. ఒకేలాంటివి కలిపి ఆరింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పక్షి ఎగిరిపోతుంది కదా, దానికి రోడ్డు అడ్డమేమిటి? తరగతిలో పిల్లలు అడిగారు. (ఉపాధ్యాయురాలు, అచ్చంపేట)

ఎగరగలగడం వేరు, ఎగరడానికి తెగించడం వేరు. కాకి, గద్ద, పావురం, చిలుక ఎంత వెడల్పు రోడ్డునైనా లెక్కచేయవు. వాటి విషయంలో మీ పిల్లల అనుమానం న్యాయమే. చిక్కంతా చెట్ల నీడలో, నేలకు మనిషెత్తు లోపల పురుగులేరుకు తినే చిన్న పిట్టలతో. వాటివి పొట్టి, గుండ్రటి రెక్కలు. పొదలోంచి పొదలోకి పోవడానికి చాలు, దూర ప్రయాణానికి చాలవు. పైగా ఎండ పడే ఖాళీ జాగాలోకి వస్తే డేగ కంట పడే ప్రమాదం. అందుకే అడవి అంచు దాకా వచ్చి, అక్కడ కాసేపు అటూ ఇటూ కదిలి, వెనక్కి తిరుగుతాయి.

పనామాలో దీన్ని నేరుగా పరీక్షించారు. పనామా కాలువ కోసం గాటున్ సరస్సును నింపినప్పుడు, 1914 నాటికి అక్కడి కొండల తలలు దీవులుగా మిగిలాయి. తర్వాత ఆ దీవుల్లో కొన్ని అడవి పిట్టలు కనుమరుగయ్యాయి. ఒడ్డు కనుచూపు మేరలోనే ఉన్నా అక్కడి నుంచి కొత్తవి రాలేదు. కారణం తేల్చడానికి పరిశోధకులు పిట్టలను పడవలో తీసుకెళ్లి ఒడ్డుకు 100, 200, 300 మీటర్ల దూరంలో వదిలారు. కొన్ని జాతులు ఎప్పుడూ ఒడ్డు చేరాయి. కొన్ని 100 మీటర్లు కూడా దాటలేకపోయాయి. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాక ‘రెక్కలుంటే చాలు’ అన్న వాదనకు బలం పోయింది. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర అడవిలో 30 నుంచి 40 మీటర్ల వెడల్పున చెట్లు కొట్టి వేసిన దారుల వద్ద చేసిన పరిశీలనలూ ఇదే దారిలో ఉన్నాయి: నేలమట్టంలో తిరిగే పురుగుతిండి పిట్టలు ఆ ఖాళీని బాగా తప్పించుకు తిరిగాయి. దారి పక్కన మొక్కలు మళ్లీ ఏపుగా పెరిగి ఖాళీ ఇరుకైన చోట రాకపోకలు పెరిగాయి. కాబట్టి అడ్డు తారు కాదు, చెట్టు అంచు నుంచి చెట్టు అంచుకున్న ఖాళీ.

ఇక జన్యువుల మాట. రోజూ మేతకు అటూ ఇటూ తిరిగే ఎదిగిన పక్షి వల్ల జన్యువులు కదలవు. గూడు విడిచిన పిల్ల పక్షి సొంత చోటు వెతుక్కుంటూ అవతలికి వెళ్లి, అక్కడ జతకట్టి, పిల్లలను పెంచితేనే లెక్కలోకి వస్తుంది. దాటాలి, బతకాలి, చోటు దొరకాలి. మూడింటిలో ఏది తప్పినా దారి మూసుకున్నట్టే. అమెరికాలో ఫ్లోరిడా స్క్రబ్ జే అనే పక్షి మీద ఆర్చ్‌బోల్డ్ పరిశోధన కేంద్రం దగ్గర చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం రెండో దశను బాగా చూపించింది. రోడ్డు పక్క హద్దుల్లో పక్షులు వాహనాలు తగిలి చనిపోవడంతో చోటు ఖాళీ అయ్యేది. ఆ ఖాళీ చూసి బయటి నుంచి కొత్త పక్షులు వచ్చేవి. రోడ్డు తెలియని ఆ కొత్తవి మొదటి రెండేళ్లలోనే ఎక్కువగా చనిపోయేవి. పైకి చూస్తే రోడ్డు పక్కన ఎప్పుడూ పక్షులుంటాయి, ఏ లోటూ కనబడదు. లోపల మాత్రం చుట్టుపక్కల పుట్టిన పిల్లలను ఆ రోడ్డు మింగేస్తుంటుంది.

ప్రశ్న: లాస్ ఏంజెలెస్ దగ్గర హైవేల వల్ల బల్లుల్లోనూ, ఒక పిట్టలోనూ ఒకేలా జన్యు తేడాలు వచ్చాయని చదివాను. నమ్మొచ్చా? (పక్షి వీక్షకుడు, విశాఖపట్నం)

నమ్మొచ్చు, కానీ దేన్ని నమ్ముతున్నామో చూసుకోవాలి. 2010లో వెలువడిన ఆ పరిశోధన దక్షిణ కాలిఫోర్నియాలో నగరం ముక్కలు చేసిన పొదల అడవుల్లో జరిగింది. మూడు రకాల బల్లి జాతి జీవులను, రెన్‌టిట్ అనే చిన్న గోధుమరంగు పిట్టను తీసుకుని, మైక్రోశాటిలైట్ గుర్తులతో (డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న ముక్కలు) పోల్చారు. రెన్‌టిట్ పొదలు వదలదు, పుట్టిన చోటికి దగ్గర్లోనే స్థిరపడుతుంది. నాలుగు జీవుల్లోనూ జన్యువుల రాకపోకలు తగ్గాయి. మధ్యలో రోడ్లు, ఫ్రీవేలు (వేగ రహదారులు) ఉండటం, ఆ ముక్క ఎంత ఒంటరిగా ఉంది, విడిపోయి ఎన్నేళ్లయింది అన్నవాటితో ఆ తగ్గుదల ముడిపడి ఉంది. ఎగిరే జీవిలో ఇంత తక్కువ దూరంలో, కొన్ని దశాబ్దాల్లోనే తేడా దొరకడం అరుదు. అందుకే అది అంతగా ప్రచారమైంది.

అయితే ఇదంతా నగరం ముక్కలు చేసిన చోట కనిపించిన తేడా. అంటే రోడ్డు ఒక్కటే కాదు, రోడ్డుతో పాటు వచ్చిన ఇళ్లు, పచ్చిక మైదానాలు, పిల్లులు అన్నీ కలిసిన ఫలితం అది. అడవి మధ్య ఒంటరిగా పోయే రెండు లేన్ల రోడ్డుకు ఆ అంకెలను యథాతథంగా అంటగట్టకూడదు. అదే ప్రాంతంలో 101 ఫ్రీవే పది లేన్ల మీదుగా, రోజుకు 3 లక్షలకు పైగా వాహనాలు పోయే చోట, మట్టి పోసి మొక్కలు పెంచే వన్యప్రాణి వంతెనకు 2022 ఏప్రిల్ 22న పని మొదలైంది. పేరంతా ప్యూమా అనే పెద్ద పిల్లిదే అయినా రెన్‌టిట్ లాంటి పొద పిట్టలకూ అది దారి.

ప్రశ్న: నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సుమారు 30 ఏళ్ల కిందట వెడల్పు చేసిన ఘాట్ రోడ్డును ఎంచుకున్నాను. అటు 12, ఇటు 12 పక్షుల రక్తం తీసి ఎఫ్‌ఎస్‌టీ లెక్కకట్టాలని ఆలోచన. సరిపోతుందా? (విద్యార్థి, తిరుపతి)

ఈ రూపంలో అయితే తాడో పేడో తేలదు. (ఎఫ్‌ఎస్‌టీ అంటే రెండు చోట్ల పక్షుల మధ్య జన్యు తేడాను 0 నుంచి 1 దాకా చెప్పే అంకె.) రక్తం తీయకముందే కాగితం మీద ఒక లెక్క చేయండి.

రోడ్డు పూర్తిగా మూసేసిందనే అనుకుందాం, 30 ఏళ్లలో ఒక్క పక్షీ దాటలేదు. తరానికి 2 ఏళ్లు పెట్టుకుంటే 15 తరాలు. ఒక్కో తరంలో రెండు వైపులా జన్యు తేడా యాదృచ్ఛికంగా పేరుకుంటుంది, దీన్నే డ్రిఫ్ట్ అంటారు. దాని వేగం 1ని 2ఎన్‌తో భాగిస్తే వచ్చేది. ఎన్ అంటే ఒక్కో వైపు నిజంగా సంతానం కనే పక్షుల సంఖ్య. ఎన్ 50 అయితే 15 తరాల తర్వాత ఎఫ్‌ఎస్‌టీ దాదాపు 0.14. ఇది దొరికిపోతుంది. ఎన్ 500 అయితే అదే కాలానికి 0.015 మాత్రమే. 12 పక్షులు, 10 మైక్రోశాటిలైట్లతో ఈ రెండో తేడాను పట్టుకోవడం కష్టం. అప్పుడు ‘రోడ్డు ప్రభావం లేదు’ అని రాస్తారు, నిజానికి రోడ్డు మొత్తం మూసేసి ఉంటుంది. సాధారణ పక్షుల మీద చాలా ప్రాజెక్టులు బోల్తా పడేది ఇక్కడే.

రెండో వైపు నుంచి కూడా చూడండి. తరానికి ఒక్కటంటే ఒక్క పక్షి దాటి సంతానం కన్నా, చాలా తరాలకు ఎఫ్‌ఎస్‌టీ 0.2 దగ్గర నిలుస్తుంది. తరానికి ఐదు పక్షులు అలా దాటితే 0.05 దగ్గర ఆగిపోతుంది. సూత్రం 1/(4ఎన్ఎం+1), ఇక్కడ ఎన్ఎం అంటే తరానికి వలస వచ్చి సంతానం కనే పక్షులు. ఈ సూత్రాన్ని తిరగేసి, మీకొచ్చిన ఎఫ్‌ఎస్‌టీ నుంచి ‘తరానికి ఇన్ని పక్షులు దాటుతున్నాయి’ అని మాత్రం రాయకండి. అది సమతుల్యతకు చేరిన జనాభాకే వర్తిస్తుంది, మీ రోడ్డు వయసుకు ఆ సమతుల్యత ఇంకా రాదు.

మరి ఏం చేయాలి? జాతిని మార్చండి. తక్కువ సంఖ్యలో, పొదల్లో, ఒకే చోట స్థిరంగా ఉండేదాన్ని తీసుకోండి. గుంపు జీవితం గడిపే సిదా పిట్టలైతే (బాబ్లర్లు) ఒక గుంపు నుంచి ఒక్క పక్షినే తీసుకోండి. గుంపంతా చుట్టాలే కాబట్టి ఐదింటిని తీస్తే ఒకే కుటుంబాన్ని ఐదుసార్లు కొలిచినట్టే, ఎఫ్‌ఎస్‌టీ ఊరికే పెరుగుతుంది. గూటి పిల్లల విషయంలోనూ అంతే. మైక్రోశాటిలైట్లు వాడితే చోటుకు 25 నుంచి 30 ఎదిగిన పక్షులు కావాలి. వేల ఎస్‌ఎన్‌పీలు (డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాలు) చదివే పద్ధతైతే 10 నుంచి 15తో నెట్టుకురావచ్చు. ఎస్‌ఎన్‌పీలకు ఇంకో లాభముంది: రోడ్డుకు అటొకటి ఇటొకటిగా ఉన్న తోబుట్టువులనూ తల్లీపిల్లలనూ పట్టుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌టీ గడిచిన కాలం లెక్క చెబుతుంది, చుట్టరికం ఈ ఒకటి రెండు తరాల రాకపోకలు చెబుతుంది. 30 ఏళ్ల రోడ్డుకు రెండోదే పనికొస్తుంది.

ఇక నమూనాల చోట్లు. అటొకటి, ఇటొకటి అని రెండే చోట్లు తీసుకుంటే వచ్చిన తేడా రోడ్డుదో దూరానిదో తేలదు. దూరం పెరిగేకొద్దీ పక్షుల మధ్య జన్యు తేడా ఎలాగూ పెరుగుతుంది. అందుకే రోడ్డు వెంబడి ప్రతి వైపూ కనీసం నాలుగు చోట్లు పెట్టండి. ఒకే వైపు 2 కిలోమీటర్ల ఎడం ఉన్న జతలు, రోడ్డుకు అడ్డంగా అదే 2 కిలోమీటర్ల ఎడం ఉన్న జతలు రెండూ చేతిలో ఉండాలి. రెండో రకంలో మొదటి రకం కంటే తేడా ఎక్కువుంటేనే రోడ్డు మాట ఎత్తండి.

పాత భౌగోళిక అడ్డంకులను మర్చిపోకండి. కేరళలో పాలక్కాడ్ కనుమ 30 కిలోమీటర్లకు పైగా వెడల్పు. దానికి ఉత్తరాన, దక్షిణాన షోలా అడవుల్లో ఉండే నీలి పిట్టలు విడిపోయి వేర్వేరు జాతులే అయ్యాయి. 2017లో వాటికి షోలికోలా అని కొత్త ప్రజాతి పేరు పెట్టారు. ఇప్పుడు 544వ నంబరు జాతీయ రహదారి ఆ కనుమలోంచే పోతోంది. అటూ ఇటూ నమూనాలు తీసి నేరం హైవే మీదికి తోసేస్తే నవ్వులపాలవుతాం. మీ ఘాట్ రోడ్డు కూడా ఏ పాత లోయ వెంబడో పోతూ ఉండొచ్చు, పటం చూసుకోండి.

రక్తం విషయానికొస్తే, పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి చుక్క చాలు. రెక్క కింద మోచేతి మడత దగ్గర కనిపించే సిరను స్పిరిట్ దూదితో తుడిచి, ఈకలు పక్కకు తొలగించి, 26 లేదా 27 గేజ్ సూదితో గుచ్చండి. సిరంజితో లాగకండి, సిర అణిగిపోతుంది. ఉబికిన చుక్కను కేశనాళికతో 20 నుంచి 30 మైక్రోలీటర్లు తీసి, దూదితో నిమిషం పాటు నొక్కి, రక్తం ఆగాకే వదలండి. శరీర బరువులో 1 శాతం దాటకూడదు. 10 గ్రాముల పిట్టకు అది 100 మైక్రోలీటర్లు. అందులో సగానికి ముందే ఆగిపోవడం మంచిది. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ పూసిన నాళిక వద్దు, అది పీసీఆర్‌ను (డీఎన్ఏ నకళ్లు తీసే పద్ధతి) దెబ్బతీస్తుంది. అదే పని చేసే ఈడీటీఏ పూసినది తీసుకోండి. రక్తానికి కనీసం పదింతలు, 95 శాతానికి తగ్గని ఇథనాల్‌లో వేసి వెంటనే కుదపండి, లేకపోతే గడ్డకట్టి లోపలి భాగం చెడుతుంది. సీసా మీద పెన్నుతో రాస్తే ఇథనాల్ తగిలి చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల వేయండి.

ప్రయోగశాలలో రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. క్షీరదాల కోసం రాసిన పద్ధతి చూసి 200 మైక్రోలీటర్ల రక్తం పోయడం ఒకటి. పక్షి రక్తంలో డీఎన్ఏ ఎక్కువ కాబట్టి డీఎన్ఏను వేరుచేసే కాలమ్ జిగురై మూసుకుపోతుంది. 5 నుంచి 10 మైక్రోలీటర్లే వాడాలి. రెండోది, రక్తంలోంచి మైటోకాండ్రియా జన్యువు చదివేటప్పుడు, కేంద్రకంలో చేరిపోయిన దాని పాత నకలును అసలనుకోవడం. పక్షి రక్తంలో కేంద్రక డీఎన్ఏ పాలు ఎక్కువ, కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ప్రొటీన్ జన్యువు మధ్యలో ఆగు సంకేతాలు కనబడితే అనుమానించండి.

లింగం కూడా పరీక్షించండి. చాలా పక్షుల్లో పుట్టిన చోటు వదిలి దూరం పోయేది ఎక్కువగా ఆడవే. రికార్డు చేసిన కూత వినిపించి వలలోకి రప్పిస్తే వచ్చేవి ఎక్కువగా హద్దు కాసే మగవి. అలా మగవాటినే పోగేస్తే రోడ్డు ప్రభావం ఉన్నదానికంటే పెద్దదిగా కనబడొచ్చు. ఆడా మగా తేడా చూపే సీహెచ్‌డీ జన్యువు మీద పీ2, పీ8 అనే ప్రైమర్లతో (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఒక్క పీసీఆర్ చేస్తే చాలా జాతుల్లో ఆడా మగా తేలిపోతుంది.

ప్రశ్న: మా ప్రకృతి క్లబ్ పిల్లలతో రోడ్డు పక్క రాలిన ఈకలు ఏరించి డీఎన్ఏ పరీక్షకు పంపొచ్చా? (క్లబ్ నిర్వాహకుడు, గిద్దలూరు)

వద్దు. అభయారణ్యంలోంచి రాలిన ఈకైనా అనుమతి లేకుండా తేకూడదు. పక్షిని పట్టాలన్నా, రక్తం తీయాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 12వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఉండాలి. చట్టం పక్కన పెట్టినా, ఎండా వానా తిన్న ఈకలో డీఎన్ఏ చాలావరకు చెడిపోతుంది. ఏ పక్షిదో, ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో కూడా తెలియదు.

మీ క్లబ్ చేయగల మంచి పని దాటింపులు లెక్కించడం. 100 మీటర్ల రోడ్డు ముక్క ఎంచుకుని చెరో చివర ఇద్దరేసి, రోడ్డుకు దూరంగా నిలబడి, సూర్యోదయం నుంచి రెండు గంటలు చూడండి. ప్రతి దాటింపుకూ జాతి, దిశ, ఎత్తు రాయండి. ఎత్తును బండి కంటే కింద, బండికీ కరెంటు తీగకూ మధ్య, తీగకు పైన అని మూడు మాటల్లో సరిపెట్టొచ్చు. అంచు దాకా వచ్చి వెనక్కి పోయినవాటినీ రాయండి, అసలు సమాచారం వాటిలోనే ఉంది. చెట్టు అంచు నుంచి చెట్టు అంచుకు వెడల్పు టేపుతో కొలవండి. పది నిమిషాలకోసారి వాహనాలు లెక్కపెట్టండి. అదే సమయంలో ఇంకో జట్టు అడవి లోపల, రెండు చెట్లకు రిబ్బన్లు కట్టి ఒక ఊహా గీత పెట్టుకుని, దాన్ని దాటే పక్షులను లెక్కించాలి. ఈ పోలిక లేకపోతే రోడ్డు మీద పది దాటాయన్న అంకెకు అర్థం లేదు. పిల్ల పక్షులు సొంత చోటు వెతుక్కునే కాలంలో, అంటే గూళ్ల కాలం ముగిశాక వచ్చే నెలల్లో తప్పకుండా చేయండి.

ప్రశ్న: అడవి గుండా పోయే రోడ్డు వెడల్పు పనిలో ఉన్నాను. పక్షుల కోసం డిజైన్‌లో ఏం అడగాలి? (సివిల్ ఇంజినీరు, హైదరాబాద్)

మొదట అడగాల్సింది లేన్ల సంఖ్య కాదు, ఎంత వెడల్పున చెట్లు కొడతారన్నది. నాలుగు లేన్ల జాతీయ రహదారికి సాధారణంగా 60 మీటర్ల స్థలం సేకరిస్తారు. తారు అందులో సగం కూడా ఉండదు. మిగతాదంతా నరికి చదును చేస్తే పొద పిట్టకు ఖాళీ రెట్టింపవుతుంది. అడవి భాగంలో కొట్టుడు గీతను తారు అంచుకు వీలైనంత దగ్గరగా గీయించండి. పెద్ద చెట్లున్న చోట పైన కొమ్మలు కలిసేలా కొన్ని ముక్కలైనా వదలండి. లారీ ఎత్తు పేరుతో కొమ్మలన్నీ ఏటా నరికేస్తే ఆ ఫలితం పోతుంది, కాబట్టి నిర్వహణ ఒప్పందంలోనే ఎంత ఎత్తు వరకు కొట్టొచ్చో రాయించండి.

మధ్య డివైడర్‌లో పండ్ల మొక్కలు, తేనె పూల మొక్కలు పెట్టకండి. అవి పక్షులను రప్పించి బండ్ల ఎత్తులోనే ఎగరనిస్తాయి. రోడ్డు పక్క గడ్డి పొడవుగా పెరిగితే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం తెల్ల గుడ్లగూబ నేలకు దగ్గరగా ఎగురుతూ వచ్చి లారీకి తగులుతుంది. ధాన్యం లారీలకు టార్పాలిన్ తప్పనిసరి చేయించడం చిన్న విషయంలా కనబడుతుంది, కానీ రాలిన వడ్ల కోసం గువ్వలు, నెమళ్లు రోడ్డెక్కుతాయి. వాహనాల చప్పుడు ఆపే గోడలు కడితే పారదర్శకమైనవి వద్దు. తప్పదంటే గీతల మధ్య ఎడం 5 సెంటీమీటర్లు మించకుండా నిండా గీతలు వేయించాలి. మూలన అతికించే ఒక్క డేగ బొమ్మ దండగ.

డబ్బుంటే పచ్చని వంతెన. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కాంప్టన్ రోడ్డు మీద మొక్కలు నాటిన వంతెనను అడవి చిన్న పిట్టలు దారిగా వాడుకున్నాయని, పెద్ద పక్షులు మాత్రం మామూలుగానే రోడ్డు మీదుగా ఎగిరిపోయాయని 2010లో ప్రచురించారు. అక్కడ పనిచేసింది సిమెంటు కాదు, దాని మీద పెంచిన దట్టమైన పొదలు. పచ్చిక పరిచి రెండు క్రోటన్లు పెడితే ఏ పిట్టా రాదు. అండర్‌పాస్‌లు అడవికోడి, కౌజు లాంటి నడిచే పక్షులకు పనికొస్తాయి. కొమ్మల్లో తిరిగే పిట్టకు వాటితో పనిలేదు.

ప్రశ్న: మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. పక్షులకు ఇది చాలదా? పైగా అవి క్రమంగా రోడ్డుకు అలవాటు పడవా? (పాఠకుడు, కల్వకుర్తి)

రాత్రి మూత వల్ల లాభపడేవి రాత్రిపూట తిరిగే నైట్‌జార్ పిట్టలు, గుడ్లగూబలు. నైట్‌జార్ వెచ్చగా ఉన్న తారు మీద కూర్చుంటుంది, హెడ్‌లైటు పడ్డా చివరి క్షణం దాకా లేవదు. వాటికి ఈ మూత ప్రాణం పోసినట్టే, ఎవరేమన్నా ఎత్తేయకూడదు. పగటి పిట్టల జన్యువుల రాకపోకల్లో మాత్రం దీంతో పెద్ద మార్పు రాదు. అవి రాత్రి దాటవు, పగటి ఖాళీ ఎంతుందో అంతే ఉంటుంది.

అలవాటు పడటం మాటకు అమెరికాలోని నెబ్రాస్కాలో ఆధారముంది. అక్కడి వంతెనల కింద గూళ్లు కట్టే క్లిఫ్ స్వాలో అనే చిన్న పిట్టలను 30 ఏళ్లు గమనించారు. గూళ్లు పెరిగినా రోడ్డు మీద చనిపోయే పక్షులు తగ్గుతూ వచ్చాయి. చనిపోయినవాటి రెక్కలు మిగతావాటి కంటే పొడవు. పొట్టి రెక్కలతో చటుక్కున పైకి లేచేవి మిగిలి, సగటు రెక్క పొడవు తగ్గిందని 2013లో రాశారు. అయితే స్వాలో గుంపులు గుంపులుగా, వేలల్లో బతికే పక్షి. ఎంపిక జరగడానికి అన్ని పక్షులు, అన్ని తరాలు కావాలి. కొద్ది జతలే మిగిలిన పొద పిట్టకు అలవాటు పడేంత గడువు ఉండదు. దానికి శ్రీశైలం రోడ్డు మీద కావలసింది మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అక్కడక్కడైనా రెండు వైపుల కొమ్మలూ కలిసి ఉండటం, వాటి కింద పొదలు నరకకుండా వదిలేయడం.